గాలి ఎత్తుతుంది, దిమ్మ నిలబెడుతుంది

కొల్లేరు పక్కన చెరువు గట్టు మీద ట్రాక్టరు ట్రక్కు నిలపడం ఒక విద్య. పైకి గట్టిగా కనబడే నల్లమట్టి రెండు వానలు పడితే మెత్తబడిపోతుంది. మేత బస్తాల లోడుతో సాయంత్రం నిటారుగా నిలిపిన ట్రక్కు తెల్లారేసరికి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అప్పుడు ఏం చేస్తారన్నదాన్ని బట్టి మనిషి స్వభావం తెలిసిపోతుంది.

ఒకరు ట్రక్కును తిడతారు. ఇంకొకరు నేలను తిడతారు. మరొకరు పదిమందిని పిలిచి ఒక్క ఊపున ఎత్తబోయి నడుం పట్టేయించుకుంటారు. ఓపిక ఉన్న మనిషి మాత్రం ఒక పాత లారీ ట్యూబు, గట్టి కాన్వాసు గుడ్డ, రెండు మందపాటి పలకలు, నాలుగు చెక్క దిమ్మలు, ఒక పంపు తెచ్చుకుంటాడు. ట్యూబును గుడ్డ సంచిలో పెట్టి, కుంగిన పక్క ఇరుసు కింద దూర్చి, గాలి కొడతాడు. టన్ను బరువు మెల్లగా లేస్తుంది.

అమెరికాలో, యూరప్‌లో ఇదే పని ట్రావెల్ ట్రెయిలర్లకు చేస్తారు. అది కారు వెనక తగిలించుకుపోయే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. ఎక్కడ ఆపినా మొదట చేసేది మట్టం సరిచేసుకోవడం. చాలా ట్రెయిలర్లలో ఉండే గ్యాస్ ఫ్రిజ్‌లో అమ్మోనియా కలిసిన ద్రవం తన బరువుతో తానే కిందికి జారుతూ తిరగాలి. ట్రెయిలర్ ఒరిగితే ఆ తిరుగుడు ఆగి చల్లదనం రాదు. చాలాసేపు అలాగే నడిపితే ఫ్రిజ్ పాడవుతుంది కూడా. అందుకే చక్రాల కింద పెట్టే గాలి సంచులు బజారులో కొనుక్కుంటారు. చేతిపని తెలిసినవాళ్లు ఇంట్లోనే తయారు చేసుకుంటారు.

ఈ గాలి సంచి పని నాకు ఎంతో ఇష్టం. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం వినే ఉపన్యాసాలన్నీ మనలో గాలి నింపుతాయి. అది మంచిదే, గాలి లేకుండా ఏదీ లేవదు. కానీ లేచినదాన్ని నిలబెట్టేది గాలి కాదు, దాని కింద మనం పేర్చే దిమ్మ. ఉత్సాహం ఎత్తుతుంది, అలవాటు నిలబెడుతుంది. ఈ ఒక్క సూత్రం ఒంటబడితే చాలు, మీ జీవితంలో ఏ మూల కుంగినా మీరే సరిచేసుకోగలరు. ఎలాగో ఎనిమిది మెట్లలో చూద్దాం.

1. ముందు మట్టం చూడండి

మంచి తాపీమేస్త్రీ కంటిని నమ్మడు, రసమట్టాన్ని నమ్ముతాడు. దూరం ఎక్కువైతే సన్నటి పారదర్శక పైపులో నీళ్లు నింపి, రెండు కొనలు రెండు గోడల దగ్గర పట్టించి చూస్తాడు. రెండు కొనల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. కంటికి చదునుగా ఉన్న నేల రెండంగుళాలు వాలుగా ఉందని నీళ్లు మొహమాటం లేకుండా చెప్పేస్తాయి. ఒక్క జాగ్రత్త: పైపులో గాలి బుడగ ఉండిపోతే లెక్క తప్పుతుంది.

మన ప్రాంతంలో పుట్టినవాళ్లకు మట్టం విలువ వేరే చెప్పనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లు కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తాయి. అంత దూరానికీ వాలు బహు స్వల్పం. 1999లో +5 కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపల, 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ గీత లోపల ఉన్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గీతకు అవతల ఉన్న చెరువు మిగిలింది, ఇవతల ఉన్నది పోయింది. ఒక్క అడుగు ఎత్తు మీద కుటుంబాల బతుకు ఆధారపడిన చోటిది.

మరి మీ మట్టం మీరెప్పుడు చూసుకున్నారు? ఒక కాగితం తీసుకోండి. నాలుగు మూలల్లో నాలుగు మాటలు రాయండి: ఆరోగ్యం, పని లేదా చదువు, డబ్బు, మనుషులు. ఒక్కోదాని కింద విశేషణాలు కాకుండా అంకెలు రాయండి. "నేను బద్ధకస్తుణ్ణి" అని రాస్తే ఏమీ తెలియదు. "నిన్న ఫోను చూసింది మూడున్నర గంటలు, చదివింది నలభై నిమిషాలు" అని రాస్తే ఏ మూల కుంగిందో తెలుస్తుంది. రాశాక మీ మేలు కోరే ఒక్కరికి చూపించండి. మన లెక్కలో మనకు కనబడని బుడగను వాళ్లు పట్టుకుంటారు.

ఇంకో మాట. చాలామంది ఎత్తుగా ఉన్న పక్కనే ఇంకా ఎత్తుతారు. లెక్కల్లో తొంభై వచ్చే కుర్రాడు రోజూ లెక్కలే చేస్తాడు, ఎందుకంటే అవి హాయిగా సాగుతాయి. నలుగురిలో నోరు విప్పి మాట్లాడలేని లోటు అలాగే ఉండిపోతుంది. ఎత్తు పక్క ఎత్తితే ఒరుగుడు పెరుగుతుంది. పల్లం ఎక్కడుందో అక్కడే సంచి పెట్టండి.

2. మీ నేల ఎలాంటిదో తెలుసుకోండి

మెత్తటి నేల మీద జాకీ పెట్టి తిప్పితే ట్రక్కు లేవదు, జాకీ దిగబడుతుంది. అందుకే సంచి కింద వెడల్పాటి పలక వేస్తారు. బరువు పలకంతా పరుచుకుంటుంది, నేల ఓర్చుకుంటుంది.

ఈ పాఠాన్ని పెద్ద ఎత్తున అమలు చేసిన మనిషి సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టాలి. ఎంత తవ్వినా ఇసుకే. బండరాయి తగిలేదాకా తవ్వాలన్న పట్టుదలతో కూర్చుని ఉంటే ఆ పని మొదలయ్యేదే కాదు. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా చూశారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని స్వయంగా ఒప్పుకున్నారు. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇవాళ్టికీ ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టూ పచ్చగా కనబడే వరిచేలకు మూలం ఆ తెలివిడే: నేలను మార్చలేకపోతే, ఆ నేలకు తగ్గట్టు కట్టు.

మీరు తెలుగు మాధ్యమంలో చదివి తాడేపల్లిగూడెం నిట్‌లో చేరారనుకోండి. 2015లో మొదలైన ఆ సంస్థకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. పక్క గదిలో ఢిల్లీ కుర్రాడు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతుంటే మీ గుండె జారుతుంది. అతని టైమ్‌టేబుల్ కాపీ కొట్టకండి, అతని నేల వేరు. మీ నేలకు పలక వేయండి. క్లాసుకు ముందు రోజే పాఠం ఒకసారి చదువుకుని వెళ్లండి. రోజుకు పది కొత్త మాటలు వాక్యంలో వాడండి. సీనియరు అన్ననో, అక్కనో ఒకరిని పట్టుకుని వారానికి ఒకసారి సందేహాలు తీర్చుకోండి. బరువు ఒక్క చోట పడకుండా పరుచుకుంటే ఎంత మెత్తటి నేలయినా మోస్తుంది.

3. సంచి మీరే కుట్టుకోండి

ఇంటి దగ్గర చేసుకునే గాలి సంచిలో ఒక రహస్యముంది. ఉత్త ట్యూబుకు గాలి కొట్టి చూడండి. ఎక్కడ పలచగా ఉంటే అక్కడ బుడిపెలా ఉబ్బుతుంది, ఇంకా కొడితే అక్కడే పేలుతుంది. అదే ట్యూబును మందపాటి కాన్వాసు సంచిలో బిగుతుగా పెట్టి, అంచులు రెండు మూడు వరసలు కుట్టి, వాల్వు బయటికి వచ్చేలా చిల్లు చేస్తే అది వేరే వస్తువైపోతుంది. గాలిని పట్టి ఉంచే పని ట్యూబుది. బలాన్ని ఓర్చే పని గుడ్డది. రెండూ కలిస్తేనే ఎత్తగలవు.

ప్రపంచంలో గాలి టైరు వాడకంలోకి వచ్చింది ఇలాంటి ఇంటి పనితోనే. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరిపడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టానికి నార గుడ్డ చుట్టి, చెక్క చక్రానికి బిగించి గాలి కొట్టాడు. 1888లో దానికి పేటెంటు వచ్చింది. ఆయన ఇంజినీరు కాదు. చేతిలో ఉన్న సామానుతో, కళ్లెదుట ఉన్న ఇబ్బంది తీర్చాలనుకున్న తండ్రి.

మన కొల్లేటి జాలరులు తాటి మానును తొలిచి దోనె చేసుకున్నారు. అదీ ఇదే గుణం. లేనిదాని కోసం ఎదురుచూడకుండా ఉన్నదానితో మొదలుపెట్టడం.

మీ దగ్గర ఉత్సాహం ఉంది. దానికి గుడ్డ కట్టండి. ఆ గుడ్డ పేరు క్రమం. "గ్రూప్స్ కొట్టాలి" అన్నది గాలి. "ఉదయం అయిదున్నర నుంచి ఏడు వరకు ఫోను పక్క గదిలో, పుస్తకం నా ముందు" అన్నది గుడ్డ. క్రమం లేని ఉత్సాహం బలహీనమైన చోట ఉబ్బుతుంది: నాలుగు రోజులు రాత్రంతా చదవడం, అయిదో రోజు నుంచి పుస్తకం మొహం చూడకపోవడం. ఎవరో అమ్మే రెడీమేడ్ ప్రణాళికకు డబ్బు పోసేకంటే మీ రోజుకు సరిపడే కొలతలతో మీరే కుట్టుకోండి. కుట్టినవాళ్లకు కుట్టు ఎక్కడ బలహీనమో తెలుస్తుంది. తెగితే మళ్లీ కుట్టుకోవడమూ వస్తుంది.

4. పరీక్ష నీళ్లతో పెట్టండి

కొత్తగా చేసిన సంచిని నేరుగా బరువు కింద పెట్టరు. ముందు నీళ్లతో నింపి ఒత్తిడి పెట్టి చూస్తారు. కారణం ఉంది. గాలి నొక్కుకుపోయి లోపల శక్తి దాచుకుంటుంది, సంచి చిరిగితే ఆ శక్తంతా ఒక్కసారిగా బయటికి తంతుంది. నీళ్లు నొక్కుకుపోవు. కుట్టు ఊడితే నీళ్లు చిమ్మి ఊరుకుంటాయి. ఎక్కడ కారుతోందో కంటికి కనబడుతుంది, మనిషికి దెబ్బ తగలదు. పంక్చరు షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి ప్యాచి వేయడమూ ఈ తెలివే.

మీ బలహీనత బయటపడే చోటును మీరే ఎంచుకోండి. నష్టం లేని చోట ముందు బయటపడనివ్వండి. ఇంటర్వ్యూకి వెళ్లేముందు నలుగురు స్నేహితుల ఎదుట కూర్చుని మాట్లాడండి. అసలు పరీక్షకు ముందు గడియారం పెట్టుకుని నమూనా పరీక్షలు రాయండి. వ్యాపారం పెట్టాలనుంటే ఏలూరు పెద్ద బజారులో అడ్వాన్సు కట్టి కొట్టు తీసుకునే ముందు, ఇంటి అరుగు మీదనో, ఆదివారం సంతలోనో సరుకు అమ్మి చూడండి. అక్కడ తప్పు జరిగితే పోయేది కొద్దిపాటి సరుకు, వచ్చేది బోలెడంత తెలివి. నమూనా పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని ఏడ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే: కారే చోటు ఇప్పుడే దొరికినందుకు సంతోషించండి, ప్యాచి వేయండి.

5. ఒత్తిడి పెంచకండి, వైశాల్యం పెంచండి

గాలి సంచి ఎంత బరువు ఎత్తుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. లోపలి ఒత్తిడిని, బరువుకు ఆని ఉన్న వైశాల్యంతో గుణించాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు సంచి పైపలకకు పూర్తిగా ఆని ఉందనుకుందాం. అంటే 144 చదరపు అంగుళాలు. అందులో 10 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 10 పౌన్ల ఒత్తిడితో గాలి కొడితే 1,440 పౌన్ల బలం వస్తుంది. సుమారు 650 కిలోలు. మన గోదావరి జిల్లాల 75 కిలోల ధాన్యం బస్తాలు ఎనిమిది పైచిలుకు. మోటారు సైకిలు టైరులో మనం కొట్టించే గాలి ఇంచుమించు 30 పీఎస్ఐ ఉంటుంది. అందులో మూడో వంతు ఒత్తిడికే ఎనిమిది బస్తాలు లేస్తున్నాయి. దీనిలో మాయ ఏమీ లేదు, వెడల్పుగా ఆనడమే.

అదే సంచి నాలుగంగుళాల చదరమైతే? 16 చదరపు అంగుళాలే. అదే బరువు ఎత్తాలంటే 90 పీఎస్ఐ కావాలి. ఇంటి సంచి ఆ ఒత్తిడికి నిలవదు.

ఇప్పుడు మన పిల్లల చదువు చూడండి. ఏడాది పాఠాలను ఆఖరి నెలలో కుక్కుతాం. వైశాల్యం తగ్గించి ఒత్తిడి పెంచుతాం. ఆ తర్వాత పిల్లవాడికి నిద్ర పట్టడం లేదని, అన్నం తినడం లేదని దిగులుపడతాం. రోజుకు గంట చొప్పున ఏడాది పొడవునా పరిస్తే 365 గంటలు. ఆఖరి నెలలో అంత చదవాలంటే రోజుకు పన్నెండు గంటల పైమాట. పాఠం అదే, పిల్లవాడు అదే, మెదడు మీద పడే బరువే వేరు.

అప్పు తీర్చడం, బరువు తగ్గడం, భాష నేర్చుకోవడం, దెబ్బతిన్న బంధాన్ని సరిచేసుకోవడం, ఏ పనికైనా ఇదే లెక్క. ఎక్కువ రోజుల మీద పరచండి. తక్కువ ఒత్తిడితో ఎత్తండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ కుట్టు ఎంత ఒత్తిడికి నిలుస్తుందో మీకు తెలియనప్పుడు పంపు కొట్టడం ఆపండి. రోజులు పెంచండి.

6. అంగుళం లేపండి, అంగుళం పేర్చండి

గట్టు మీద ఒరిగిన ట్రక్కు దగ్గర ఒక కుర్రాడు, ఒక పెద్ద డ్రైవరు ఉన్నారనుకోండి. మాటలు ఇలా సాగుతాయి.

"ఒక్కసారే గాలి కొట్టేద్దాం బాబాయ్, రెండు నిమిషాల్లో అయిపోద్ది."

"ఆగు అబ్బాయ్. ముందు అవతలి చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టావా?"

"పెట్టాను."

"సరే. అంగుళం లేచేదాకా కొట్టు. ఆపు. ఇప్పుడు ఆ దిమ్మ దూర్చు. చెయ్యి కిందికి పోనీకు, కర్రతో నెట్టు. ఆఁ, ఇప్పుడు మళ్లీ కొట్టు."

ఆ పెద్దాయన చెప్పిన పద్ధతినే ప్రపంచమంతటా సహాయక దళాలు పాటిస్తాయి. కూలిన గోడల కింద మనుషులు చిక్కుకుంటే మన ఎన్డీఆర్ఎఫ్ బృందాలు కూడా గాలి సంచులతో బరువు లేపుతాయి. లేపిన ప్రతి అంగుళానికీ చెక్క దిమ్మలు అడ్డంగా, నిలువుగా పేర్చుకుంటూ పోతారు. సంచి చిరిగినా బరువు తిరిగి పడేది అంగుళమే. మనిషి ప్రాణం దక్కుతుంది.

మన కోస్తా ఊళ్లలో ఇళ్లు ఎత్తే పని చూశారా? రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతుంది. కొన్నేళ్లకు పాత ఇల్లు పల్లమైపోయి వాన నీళ్లు గుమ్మంలోకి వస్తాయి. పడగొట్టకుండా ఇంటిని ఉన్నపళంగా జాకీల మీద లేపే పనివాళ్లు హర్యానా, బీహారు నుంచి వస్తున్నారు. గోడల కింద వరసగా జాకీలు పెట్టి, సైగ ఇవ్వగానే అందరూ ఒకేసారి, ఒకే కొలతలో తిప్పుతారు. కాస్త లేవగానే కింద ఇటుక కడతారు. తొందరపడి ఒక మూల ఎక్కువ తిప్పితే గోడ పగులుతుంది. రోజుల తరబడి అలా ఓపిగ్గా లేపితే నిండు ఇల్లు రెండు మూడు అడుగులు పైకొస్తుంది.

మీ జీవితంలోనూ లేచిన ప్రతి అంగుళం కింద దిమ్మ పెట్టండి. జీతం రెండు వేలు పెరిగిందా? ఆ నెలే అందులో వెయ్యి పొదుపుకు మళ్లించండి. కొత్త పాఠం అర్థమైందా? ఆ రాత్రే పుస్తకం మూసి సొంత మాటల్లో రాయండి. వారం రోజులు పొద్దున్నే లేవగలిగారా? రెండో వారం ఇంకా ముందు లేవాలని చూడకండి. అదే సమయానికి లేవడం గట్టిపడనివ్వండి. లేపడం ఎంత పనో, ఆపి పేర్చడం అంత పని. ఈ రెండో పని చేయనివాళ్లు ఏటా ఒకే అంగుళాన్ని మళ్లీ మళ్లీ లేపుతూ ఉంటారు.

7. గాలిని నమ్మి కిందికి దూరకండి

గాలి సంచితో పని చేసేవాళ్లు ఒక నియమం ఎన్నడూ తప్పకూడదు. గాలి మీద మాత్రమే నిలిచిన బరువు కింద తలే కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. సంచి ఉబ్బి గుండ్రమయ్యే కొద్దీ పైపలకను తాకే భాగం తగ్గుతుంది. ఎత్తే బలం తగ్గుతుంది, దొర్లిపోయే గుణం పెరుగుతుంది. బాగా లేచిందని మనం మురిసే క్షణమే అది అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం.

ఈ మాట మన ఆక్వా ప్రాంతంలో నేను బాధతో చెబుతున్నాను. రొయ్య మూడు నాలుగు నెలల పంట. ఒక పంట కలిసొస్తే చేతిలో పడే డబ్బు వరి రైతు ఊహకు అందదు. ఆ డబ్బు మీద నమ్మకంతో ఇంకో చెరువు లీజుకు తీసుకుని, కారు కొని, మేత అప్పు పెట్టినవాళ్లున్నారు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యను అప్పటిదాకా ఎక్కువగా కొన్న దేశం అదే. రైతు చేసిన తప్పేమీ లేకుండానే గాలి దిగిపోయిన సందర్భాలివి. అలాంటప్పుడు, మంచి పంట వచ్చిన ఏడాది అప్పు తీర్చుకుని, ఒక పంట పెట్టుబడి పక్కన పెట్టుకున్న కుటుంబం నిలబడుతుంది. కష్టం అందరికీ వస్తుంది, కింద దిమ్మ ఉన్నవాళ్లు ఒక అంగుళం దిగి ఆగుతారు.

పొగడ్త గాలి. లైకులు గాలి. ఒక్క మంచి సీజను గాలి. ఎవరో పెద్దమనిషి ఇచ్చిన మాట కూడా గాలే. వాటితో లేవండి, తప్పులేదు. వాటి కింద కుటుంబాన్ని నిలబెట్టకండి. చేతిలో నైపుణ్యం, ఖాతాలో ఆరు నెలల ఖర్చు, నిజం చెప్పే ఇద్దరు స్నేహితులు, సరిగా నిద్రపోయిన ఒళ్లు: ఇవి దిమ్మలు.

8. తెల్లారాక మళ్లీ చూడండి

ఎండలో గాలి కొట్టిన సంచి రాత్రి చల్లబడితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కడా చిల్లు లేకపోయినా మట్టం కాస్త మారుతుంది. పైగా బరువు పడ్డ నేల రాత్రంతా ఇంకొంచెం కుంగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని వైఫల్యం అనుకోరు. పొద్దున్నే రసమట్టం పెట్టి చూసి, రెండు పంపులు కొట్టి, పలచటి చెక్క ఒకటి చేర్చి, తమ పనిలో తాము పడతారు.

మనలో చాలామంది ఇక్కడే ఓడిపోతారు. నెల రోజులు బాగా సాగిన వ్యాయామం పెళ్లిళ్ల సీజన్లో ఆగిపోతుంది. "నా వల్ల కాదు" అని వదిలేస్తారు. మీ వల్ల కాకపోవడం కాదది, చల్లబడటం. చల్లబడిన ప్రతిదానికీ మళ్లీ గాలి కొట్టవచ్చు. వారంలో ఒక రోజు, ఒకే సమయం, పావుగంట పెట్టుకోండి. ఆ నాలుగు మూలల కాగితం తీయండి. కొత్త అంకెలు రాయండి. తగ్గిన చోట రెండు పంపులు, నిలిచిన చోట ఒక దిమ్మ. అంతే.

కాటన్ కట్టిన ఆనకట్టకు కూడా ఆ తర్వాత మరమ్మతులు చేశారు, ఎత్తు పెంచారు. చివరికి దాని స్థానంలో కొత్త బరాజ్ వచ్చింది. అంత గొప్ప కట్టడానికే చూసుకునే చెయ్యి కావలసి వచ్చింది. మన మనసుకు, మన ఒంటికి, మన ఇంటికి అక్కర్లేదా?

ఇప్పుడు మీ వంతు

ఈ వ్యాసం చదివి ఉత్సాహం కలిగి ఉంటే అది గాలి. రేపు పొద్దుటికి సగం చల్లారుతుంది. అందుకే ఇప్పుడే మూడు పనులు చేయండి.

ఒకటి: నాలుగు మూలల కాగితం రాయండి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల చుట్టూ గీత గీయండి. రెండు: ఆ మూల ఒక్క అంగుళం లేవడానికి ఈ వారం ఏం చేస్తారో ఒకే ఒక్క వాక్యం రాయండి, అందులో రోజు, గంట ఉండాలి. మూడు: అది లేచాక దాని కింద ఏ దిమ్మ పెడతారో కూడా ఇప్పుడే రాసుకోండి.

ఆ దిమ్మ గట్టిపడ్డాక ఇంకో అంగుళం. ఏడాదికి యాభై రెండు వారాలు. మీ పక్కింటి వాళ్లు ఎంత ఎత్తున ఉన్నారో చూడకండి, వాళ్ల నేల వాళ్లది. మీ పల్లం మీది, మీ పంపు మీది, మీరు పేర్చుకున్న దిమ్మ కూడా మీదే. పేర్చుకున్నది ఏదీ ఊరికే పోదు. ఇవాళే మొదలుపెట్టండి.